స్లైడ్ మీద పోడును పోడు అనే రాయండి



యూనివర్సిటీల్లో పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్ల దగ్గర ఎప్పుడూ వినే మాట ఇది: "అన్నా, టాపిక్ నాకు తెలుసు. ఇంగ్లీషులో ప్రెజెంటేషన్ అంటేనే గుండె దడ." టాపిక్ తెలియకపోవడమేంటి! పోడు మీద థీసిస్ రాస్తున్న పిల్ల పోడులోనే పెరిగింది. కానీ సెమినార్ హాల్లో ఆమె చివరి బెంచీలో ఉంటుంది. ముందు నిలబడి మన గురించి చెప్పేది ఇంకెవరో.

దీన్ని స్పోకెన్ ఇంగ్లీష్ సమస్య అని తేల్చేస్తున్నారు. నేను ఒప్పుకోను. ఇంట్లో కోయ, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, ఆ తర్వాతే ఇంగ్లీషు. మూడో భాషలో యాస ఉంటుంది, ఉండనివ్వండి. అసలు నష్టం మనం వాడే మాటల దగ్గర జరుగుతోంది.

పోడునే తీసుకోండి. స్లైడ్ మీద 'స్లాష్ అండ్ బర్న్' అని రాశామంటే నరకడం, తగలబెట్టడం రెండే మిగులుతాయి. ఒకే చెలకలో నాలుగైదు రకాల విత్తనాలు కలిపి చల్లడం, కొన్నేళ్లు సాగుచేసి భూమిని బీడు వదలడం, అన్నీ ఎగిరిపోతాయి. 'ఎన్‌క్రోచర్' అని రాస్తే మన తాత సొంత నేలలోనే దొంగ. ఆదివాసీలకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. మన స్లైడేమో ఇంకా ఫారెస్టోళ్ల మాటే మాట్లాడుతోంది. ఇప్పపువ్వు 'మైనర్' ఫారెస్ట్ ప్రొడ్యూస్ అట! (ఎండాకాలమంతా ఆ పువ్వు ఏరి ఇల్లు నడిపే అమ్మను అడగాలి, అది మైనరో మేజరో.) చట్టంలో ఉన్న మాట కాబట్టి అవసరమైన చోట వాడదాం, కాకపోతే ఆ మాట ఎవరు పెట్టారో కూడా చెబుదాం.

ఇది మార్కుల సంగతి కాదు. 2019 ఫిబ్రవరి 13న క్లెయిములు తిరస్కరించిన కుటుంబాలను అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పింది. 28న ఆ ఆదేశాన్ని నిలిపేసింది. ఆ కోర్టులో వాదన, అఫిడవిట్ అంతా ఇంగ్లీషే. రేపు అక్కడ మన తరఫున మాట్లాడాల్సినవాళ్లు ఇవాళ డిపార్ట్‌మెంట్ సెమినార్లో నోరు విప్పాలి కదా.

జైపాల్ సింగ్ ముండాను గుర్తు చేసుకోండి. 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో ఇంగ్లీషులోనే మాట్లాడాడు. తిట్టుగా వాడే 'జంగ్లీ' అన్న మాటను తనకు తానే పెట్టుకుని మరీ మాట్లాడాడు. 'ఆదిబాసీ' అన్న పేరు కోసం ఆ సభలో పట్టుబట్టాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, మనకు ఆ వసతి లేదు, నిజమే. కానీ పేరు విషయంలో ఆ పట్టుదలకు ఆక్స్‌ఫర్డ్ అక్కర్లేదు.

నేను చూసినంతలో పనికొచ్చేది ఇది. ముందు మీ పేపర్‌ను కోయలోనో, గోండీలోనో, మీ ఇంటి భాషలో ఊళ్లోవాళ్లకు చెప్పండి. పెద్దమనిషి "అది అట్లా కాదు బిడ్డా" అంటే గైడ్ కన్నా ముందే తప్పు దొరికినట్టు. తర్వాతే ఇంగ్లీషు. 15 నిమిషాలిస్తే నెమ్మదిగా మాట్లాడేవాళ్లకు 1,500 మాటలు చాలు, పేపర్ మొత్తం చదవొద్దు. స్లైడ్ మీద పోడు అనే రాసి, దాని అర్థం నోటితో ఒక్క వాక్యంలో చెప్పండి. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠస్థం చేస్తే మధ్యలో తడబడ్డా ఫర్వాలేదు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, అది చిన్నతనం కాదు. హాస్టల్ రూములో నలుగురు కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలతో సతాయించుకోండి. జాలిపడి వదిలేయొద్దు.

యూనివర్సిటీలకూ ఒక మాట. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేముందు అధ్యాపకులు, స్కాలర్లందరికీ తెరిచిన సభలో ప్రెజెంటేషన్ ఇవ్వాలి. అడిగేటప్పుడు నేర్పాలి కూడా. ఇంగ్లీషు అడ్డమొస్తుందని మమ్మల్ని రెమెడియల్ క్లాసులో గ్రామర్ దగ్గర కూర్చోబెట్టడం నేర్పడం కాదు. ఏటా ఆగస్టు 9 రాగానే తలపాగా, కొమ్ములు, డోలు తెచ్చుకోమని కబురు పెడతారు. తెస్తాం, ఆడతాం. ఈసారి అదే స్టేజీ, అదే మైకు, ఒక గంట మా స్కాలర్ల పేపర్లకు కూడా ఇవ్వాలి. మీరంతా ఎదురుగా కూర్చుని ప్రశ్నలడగాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారంలోనే మీ రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టండి.