ముందు గోడ, ఆ తర్వాతే మనిషి: నాగోల్ నుంచి ఒక ప్రణాళిక

హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా, ఇటు దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోనూ ఫోన్లు, కెమెరాలు పట్టుకుని తిరిగే మేమంతా కూర్చుని ఒప్పుకున్న మాటలివి.

ఆదివారం వస్తే చార్మినార్ బస్సెక్కడం మానేస్తున్నాం. చార్మినార్ అంటే మాకూ ప్రేమే. కానీ దాని ముందు ఎవరు నిలబడినా చూసేవాళ్ల కళ్లు దాని మీదికే పోతాయి. మావాళ్లు బతుకుతున్నది ఇక్కడ. వాళ్ల వెనక ఈ నేలే కనబడాలి.

మొదట చోటు చూసుకుంటాం. వెలుతురు ఎటునుంచి పడుతోంది, గోడ రంగేమిటి, ఏ కరెంటు స్తంభం మనిషి నెత్తిన మొలిచినట్టు కనబడుతుంది? ఇవన్నీ తేల్చుకుని, నిలబడే చోటు ఖాయం చేసుకున్నాకే మనుషుల కోసం ఎదురుచూస్తాం. ఎంతసేపైనా సరే. 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్ పట్టణంలో ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ తీసిన ఫోటో చూడండి. మెట్ల వంపూ, రాళ్లు పరిచిన వీధీ తేటగా ఉన్నాయి. సైకిల్ మీద పోతున్న మనిషే చెదిరిపోయాడు. ఆ ఫోటోకు ప్రాణం ఆ చోటే.

అందుకే నేపథ్యాన్ని మసక చేయం. ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ ముట్టుకోం. కెమెరా ఉన్నవాళ్లం 28 లేదా 35 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్8 దగ్గర పెట్టుకుని తీస్తాం. ముందున్న మనిషీ, వెనకున్న బోర్డూ రెండూ తెలియాలి. తీగలు చెరపం, చెత్తకుండీ తీసేయం, ఆకాశం మార్చం. నాగోల్ వంతెన మీద ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచే మనిషిని తీస్తే, కింద మూసీ నురగ కూడా ఫ్రేములో ఉండాల్సిందే.

2017 నవంబర్ 28న నాగోల్ నుంచి మియాపూర్‌కు మెట్రో ప్రారంభమైంది. ఇప్పుడు మా దారికి స్తంభాలే గోడలు. అడ్రస్ అడిగితే పిల్లర్ నంబర్ చెబుతాం. దగ్గరికి వెళ్లి ఒక్క స్తంభాన్ని చూడండి. టులెట్ కాగితం మీద లేడీస్ హాస్టల్ కాగితం, దాని మీద కోచింగ్ సెంటర్‌ది, సగం చింపిన చోట పాత ఫోన్ నంబరులో నాలుగంకెలు. భుజం ఎత్తున మాత్రం సిమెంటు నున్నగా, నల్లగా ఉంటుంది, షేర్ ఆటో కోసం ఆనుకుని నిలబడ్డవాళ్ల వల్ల. ఆ నలుపు కనబడేలా తీసినవాళ్లే మా దృష్టిలో మంచి ఫోటోగ్రాఫర్లు.

ఒక అలవాటును మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. విల్లాల హోర్డింగ్ కింద అడ్డా కూలీని, నగల ప్రకటన కింద పూలమ్మే అవ్వను పట్టుకుని, ఆ తేడా చూపించి చప్పట్లు కొట్టించుకోవడం. అందులో అవ్వ లేదు, ఆమె పూల బేరం లేదు, మన తెలివే ఉంది. ఏ మనిషినీ గోడ మీది బొమ్మకు జవాబుగా వాడుకోం.

ఇంకొకటి. దిల్‌సుఖ్‌నగర్‌లో వేలమంది ఆడపిల్లలు ఊరు వదిలి వచ్చి చదువుకుంటున్నారు. అమ్మాయి వెనక హాస్టల్ పేరు, ఫోన్ నంబరు, ఇంటి నంబరు చదవగలిగేలా ఉంటే, ఎంత గొప్ప ఫోటో అయినా బయట పెట్టం. నేపథ్యం తేటగా ఉండాలన్నది మేమే. దానివల్ల ఒకరి ఆచూకీ బయటపడుతుందంటే ఆ నియమం అక్కడితో ఆగిపోతుంది. తీసేయమని అడిగితే అడిగినవాళ్ల ముందే తీసేస్తాం.

చోట్లు నిలవవు. 2021లో కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం వైపు తరలిపోయింది. మామిడికాయల కాలంలో కొత్తపేటలో గడ్డి పరుపుల మీద కాయలు గుట్టలుగా పోసేవాళ్లు. ఆ పాత మార్కెట్ షెడ్లు వెనక కనబడే ఫోటోలు ఎవరి దగ్గరున్నా మాకు చూపించండి. కాపీ చేసుకుని తిరిగి ఇస్తాం. ఇకనుంచి మేము తీసే ప్రతి ఫోటోకూ చోటు, తేదీ, వేళ రాసి పెడతాం. ఏడాదికోసారి అదే చోటుకు వెళ్లి, అక్కడే నిలబడి మళ్లీ తీస్తాం.

ఈ షరతులకు ఒప్పుకున్నవాళ్లు ఎవరైనా మాతో రావచ్చు. ఫోన్ ఉంటే చాలు.