రేకుపెట్టెల్లోని చరిత్ర

హైదరాబాదు పురానీ హవేలీలో 1937 రజతోత్సవానికి ఏడవ నిజాం అందుకున్న కానుకలు భద్రంగా ఉన్నాయి. అక్కడి బంగారు టిఫిన్ డబ్బా 2018లో చోరీ అయితే పోలీసులు రోజుల్లోనే వెతికి తెచ్చారు. మంచిదే. మరి మన దాదాజాన్ల రేకుపెట్టెలు పోతే వెతికేదెవరు?

ఆ పెట్టెల్లో ఏముంటాయో మీకు తెలియనిది కాదు. నికానామాలు, ఉత్తరాలు, బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు వెళ్లిననాటి కాగితాలు. ఆ ఓడ ప్రయాణాలు 1995లోనే ఆగిపోయాయి. పాత ఇల్లు పడగొట్టిన రోజున ఇవన్నీ పాతసామాన్లవాడి తక్కెడలోకి పోతున్నాయి.

అసలు చిక్కు మరొకటుంది. ఫోటో వెనుక పేరు, ఊరు, తేదీ ఉర్దూలో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలకు అవి వట్టి గీతలే! చదవగలిగిన దాదీ, నానీ ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని, వేరే కాగితం మీద తెలుగులో రాసుకోవాలి. (ఫోటో మీదే పెన్నుతో రాయకండి, గీత ముందువైపుకు తేలుతుంది.)

ఇంటి ఆడవాళ్ల ఫోటోలు బయటికెలా ఇస్తామని కొందరు వెనుకాడుతున్నారు. ఆ సంకోచం న్యాయమైనదే. అవి ఇంట్లోనే ఉండనివ్వండి. బజారు, మదర్సా, ఈద్గా కనిపించే ఫోటోలకు నకళ్లు తీయించి ఊరి గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. అసలు వస్తువే ఇస్తే, ఎవరిచ్చారో, ఏ షరతు మీద ఇచ్చారో రశీదులో రాయించుకోవాలి. రశీదు ఇవ్వనివారికి ఏదీ ఇవ్వకండి.