మందుల దుకాణము ముంగిట

వానకాలము వచ్చినదన్న ఇంటింట జ్వరములు మొదలగును. ఆ దినములలో సికిందరాబాదున ఏ వీథికి పోయినను మందుల దుకాణము ముందు పదిమంది ఒకరినొకరు ఒరసికొని నిలుచుండుట కానవచ్చును. ఒకరు దగ్గుచుందురు. ఒకరు చంటిబిడ్డను చంకనెత్తుకొని యుందురు. వెనుకనున్నవారు ముందువారి భుజముమీదుగా చేయిచాచి వైద్యుని చీటి నందింతురు. 2020వ సంవత్సరమున ఇదే గడప ముందు సున్నముతో గీసిన వలయములలో ఒద్దికగా నిలిచిన జనము వీరేనాయని మాకు విస్మయము కలుగుచుండును.

ఆసుపత్రికి తలుపున్నది, కావలి యున్నది, అంటువ్యాధి రోగికి వేఱు గది యున్నది. మందుల దుకాణమునకు ఇవి యేవియు లేవు. జ్వరము తగిలినవాడు వైద్యునికడకు పోకమునుపే అచ్చటికి పోవును. వైద్యుని చూచిన పిదపను అచ్చటికే పోవును. రోగి పడకప్రక్కనుండి లేచివచ్చిన యిల్లాలును, నెలనెల మధుమేహపు మాత్రలు కొనుకొను ముదుసలియు ఆ బల్లముందే ప్రక్కప్రక్కన నిలుతురు. రోగము గలవారును, రోగమునకు మిక్కిలి వెఱవవలసినవారును మూరెడు దూరమున కలిసికొనుటకు ఇంతకు మించిన చోటు మఱి యేది?

తెలంగాణమున తొలి కరోనా రోగి యున్నట్లు 2020 మార్చి 2వ తేదీన ప్రకటించిరి. ఆయనకు చికిత్స జరిగినది మన సికిందరాబాదు గాంధీ ఆసుపత్రియందే. ఆ నెల 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ప్రపంచమంతట ప్రాకిన మహమ్మారిగా పేర్కొనెను. 22న జనతా కర్ఫ్యూ జరిగెను. 25నుండి దేశమంతయు లాక్‌డౌనులో నుండెను. జనరల్ బజారులో బట్టలకొట్లు, బంగారుకొట్లు మూతపడినవి. మందుల దుకాణములు మాత్రము తెఱచియే యుండవలసివచ్చెను. దుకాణదారులు తమకు తోచిన రక్షణ తాము చేసికొనిరి. బల్లకు రెండు మూరల దూరమున త్రాడు కట్టిరి. పారదర్శకమగు ప్లాస్టిక్కు తెర వ్రేలాడదీసి, క్రింద చేయిపట్టునంత సందు విడిచిరి. డబ్బునకు పళ్ళెమొకటి, శానిటైజరు సీసా యొకటి ముందుంచిరి.

వీనిలో అన్నియు సమానముగా పనికివచ్చినవి కావు. ఆ దినములలో నోట్లను ఇస్త్రీ చేసినవారిని, మాత్రల అట్టలను సబ్బునీట ముంచినవారిని మేమెఱుగుదుము. ఈ రోగము వస్తువులను తాకుటవలనకంటె ఊపిరివలననే మిక్కిలిగా వ్యాపించునని పిదప తేటపడినది. మఱియు దగ్గు, జ్వరము పొడచూపుటకు ఒకటి రెండు దినములు ముందుగనే రోగి యితరులకు అంటింపగలడు. కావున మాస్కు దగ్గువాడొక్కడే కట్టుకొనవలసినది కాదు. "నాకేమియు లేదు" అనువాడును కట్టుకొనవలసినదే. అందువలన చేతులు కడుగుట మానవలెనని మా భావము కాదు. విరేచనములు మొదలగు అనేక రోగములను చేతులే తెచ్చును.

ఊపిరినిగూర్చి మనవారు ఎఱుగకపోలేదు. ఒంటి తాకుడు, ఊపిరి, కలిసి భుజించుట, ఒక్క శయ్య, ఒకరి వస్త్రమాల్యములను మఱియొకరు ధరించుట మొదలగువానివలన కొన్ని రోగములు మనుజునినుండి మనుజునికి సంక్రమించునని సుశ్రుతుడు నిదానస్థానమున తెలిపియున్నాడు. ఇట్టివి చూపి, "మన మడియే గెలిచినది" అని 2020లో గర్వించినవారు కలరు. మేము దాని నొప్పుకొనజాలము. మడి మనుష్యుని పుట్టుకను చూచి దూరముంచినది. అంటువ్యాధి పుట్టుకను చూడదు. పనిచేయు నామెను వాకిట నిలిపి, దగ్గుచు వచ్చిన మేనబావను పీటవేసి కూర్చుండబెట్టిన యింటికి ఏమి రక్షణ కలుగును?

గాలి కదలికయే ముఖ్యమైనప్పుడు దుకాణపు కట్టడమును కూడ గమనింపవలెను. వీథివైపు పూర్తిగా తెఱచియుండి, కొనువారు బయటనే నిలుచు పాతతీరు దుకాణము చూపులకు సామాన్యమైనను ఈ విషయమున మేలైనది. అద్దపు తలుపులు మూసి, చల్లనియంత్రము పెట్టి, కొనువారిని లోనికి రానిచ్చు క్రొత్తతీరు దుకాణమున ఒకరు విడిచిన గాలినే పదుగురు పీల్చుకొందురు. అచ్చటికే పోవలసివచ్చిన, జ్వరకాలమున తలుపు తెఱచి యుంచుమని అడుగుటకు మొగమాటపడ నక్కఱలేదు.

ఇక ముఖ్యమైన మాట. 2020 ఏప్రిల్ మాసమున తెలంగాణ ప్రభుత్వము జ్వరము, దగ్గు, జలుబులకు మందులు కొనువారి చిరునామాలు, ఫోను సంఖ్యలు వ్రాసికొనవలెనని మందుల దుకాణములకు ఆనతిచ్చెను. వెలికిరాని రోగులను కనుగొనవలెనని దాని యుద్దేశము. ఉద్దేశమున దోషము లేదు. ఆ దినములలో నొకనాడు మేము వరుసలో నుండగా, ముందున్న యొక యిల్లాలు పారాసిటమాలు అడిగెను.

"జ్వరం ఎవరికమ్మా?" అనుచు దుకాణదారు పుస్తకము తెఱచెను.

"ఎవరికీ లేదన్నా, ఇంట్ల ఉంటే మంచిదని."

ఆయన మఱి ప్రశ్నింపలేదు. ఆమె మెల్లగా పలికినది వినుటకై తెర తొలగించి ముందునకు వంగెను. ఆమె మాస్కు గడ్డముక్రిందికి జాఱియుండెను.

అబద్ధమాడినదని ఆమెను నిందించుట సులభము. నిజము చెప్పినచో ఏమగునో ఆమెకు తెలియును. ఇంటిముందు అడ్డుకఱ్ఱలు కట్టుదురు. పాలవాడు రాడు. భర్త దినకూలి పోవును. ప్రక్కవాటావారు కిటికీలు మూసికొందురు. రోగము తగ్గిన నెలదినములకును నూతికడ ఆమె నిలుచున్నచో తొలగిపోవుదురు. ఇన్ని దండనలు ఒక్క నిజమునకు విధించి, పుస్తకములో నిజమే వ్రాయబడవలెనన్న నెట్లు? దుకాణదారు త్రాడు కట్టును, తెర కట్టును. కాని తన యెదుట నున్నది జ్వరమున్న యింటినుండి వచ్చిన మనుష్యురాలని తెలిసిననే గదా ఆయన వెనుకకు జరుగును, మందును పళ్ళెములో నుంచును, పరీక్ష యెచ్చట చేయుదురో చెప్పును! ఆమె నోటిని మూయించినది మన వీథులే. జ్వరమున్న యింటి గడపకడ పాలచెంబు, కూరగాయలసంచి ఉంచి, పిలిచి, దూరమున నిలిచి పలుకరించిన పొరుగింటివారును ఆ దినములలో కలరు. అట్టి వీథులలోని స్త్రీలకు దాచవలసిన అగత్యము తక్కువ.

మందులకు ఎవరు పోవలెనో ఇంటివారు ముందుగా నిర్ణయించుకొనుట మంచిది. జ్వరమున్నవాడు పోరాదు, వాని గదిలో మసలుచున్న వారును పోకుండుట మేలు, తాతగారిని "కాళ్ళు కదలును" అని పంపరాదు. ఇంట మఱియెవరును లేనప్పుడు ఫోనుచేసి చీటి ఛాయాచిత్రమును పంపిన, మందులను ఇంటికి చేర్చు దుకాణములు ఇప్పుడు చాల గలవు. బిగ్గరగా అడుగుటకు సిగ్గుపడు మందులున్నచో కాగితముపై వ్రాసి యిచ్చినయెడల, దుకాణదారు మొగముదగ్గఱ మొగముపెట్టి గుసగుసలాడ నక్కఱలేదు. రక్తపోటునకు, మధుమేహమునకు నిత్యము వాడు మాత్రలను వారమునకొకమాఱు గాక నెలకొకమాఱు తెప్పించుకొన్నచో, ఆ ముంగిట నిలుచుట నాలుగవవంతగును.

శానిటైజరునుగూర్చి యొక హెచ్చరిక. 2020 మార్చిలో దానికై జనము ఎగబడగా, 200 మిల్లీలీటర్ల సీసాను 100 రూపాయలకు మించి అమ్మరాదని కేంద్రప్రభుత్వము కట్టడి చేయవలసివచ్చెను. సబ్బును నీరును ఉన్న యింట దానికై అంత ఆరాటము వలదు. అది మండునది, చేతికి పూసికొని తడియాఱక పొయ్యివెలిగింపరాదు. అది విషము కూడ. 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యపు దుకాణములు మూసియుండగా శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించిరి. మందుల పెట్టెలో దగ్గుమందు సీసాప్రక్కన దాని నుంచు నలవాటు పెక్కిండ్ల గలదు. పిల్లలున్న యింట దానిని నేడే తీసి, తాళమువేయు అలమారలో పెట్టుడు.