ఎద్దుకున్న కంటలం సైకిలుకెందుకు లేదు?

‘పానియర్’ అనే ఆంగ్లపదానికి తెలుగేమిటని ఆ మధ్య ఒక మిత్రుడు అడిగాడు. సైకిలు వెనుక చక్రానికి ఇరుపక్కలా తగిలించే సంచి అది. ‘పక్కసంచి’ అందామా, ‘జోడుసంచి’ అందామా అని కాసేపు తర్జనభర్జన పడ్డాం. తీరా చూస్తే కొత్త మాట పుట్టించవలసిన అవసరమే లేదు. ఎద్దు వీపు మీదుగా ఇరువైపులా వేలాడేటట్టు వేసే జంట గోనెకు ‘కంటలం’ అనే చక్కని మాట మనకు ఉండనే ఉంది. ఆంగ్లపదం కూడా లాటిను భాషలోని రొట్టెల బుట్టలో పుట్టి, గుర్రాల మీదా గాడిదల మీదా ప్రయాణం చేసి సైకిలు దాకా వచ్చినదే. వాళ్ళు జంతువును దింపి మాటను సైకిలెక్కించారు. మనం ఎద్దుతో పాటే మాటనూ సాగనంపాం.

మాట పోతే పోయింది; దానితో పాటు ఇంగితమూ పోయిందన్నదే నా బాధ.

హైదరాబాదులో ఉదయంపూట సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళేవారిని చూడండి. లాప్‌టాప్, దాని ఛార్జరు, అన్నం డబ్బా, నీళ్ళ సీసా, మార్చుకోవడానికో చొక్కా - అంతా కలిపి 5, 6 కిలోలు. అదంతా వీపు మీదే. గుంత వచ్చినప్పుడల్లా ఆ బరువు భుజాలను కుదుపుతుంది, నడుమును వంచుతుంది. సంచికీ వీపుకూ మధ్య గాలి ఆడక చొక్కా తడిసి ముద్దవుతుంది. ఇనుముతోనో అల్యూమినియంతోనో చేసిన బండి కింద ఉండగా, దాని మీద కూర్చున్న మనిషి మూట మోయడమేమిటి? ఎద్దునెక్కి మూటను తన నెత్తిన పెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వమా?

నవ్వే అర్హత నాకు లేదు. మియాపూరు నుంచి గచ్చిబౌలికి సుమారు 10 కిలోమీటర్లు నేనూ చాలాకాలం అలాగే వెళ్ళాను. క్యారియరు బిగించుకోకపోవడానికి కారణం చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. గేర్ల సైకిలుకు క్యారియరు పెడితే పాలవాడి సైకిలులా కనిపిస్తుందనుకున్నాను. వీపుసంచిలో పట్టని అన్నం డబ్బాను ఒక గుడ్డసంచిలో వేసి హ్యాండిలుకు తగిలించేవాణ్ణి. ఒకనాడు కొండాపూరు దగ్గర మలుపులో ఆ సంచి ఊగి ముందుచక్రం చువ్వల్లోకి పోయింది. చక్రం ఉన్నచోటనే బిగుసుకుంది. నేను హ్యాండిలు మీదుగా ఎగిరి రోడ్డు మీద పడ్డాను. వెనుక వస్తున్న బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు గనుక ఇది రాస్తున్నాను. ఇంటికి వచ్చి మోకాలికి కట్టు కట్టుకుంటున్నప్పుడు తెలిసివచ్చింది, నేను కాపాడుకున్నది సైకిలు అందాన్ని కాదు, నా డాంబికాన్ని అని.

ఆ తరువాత సంచుల వేటలో పడ్డాను. మొదట నేర్చుకున్నది, సంచి కన్నా ముందు క్యారియరు చూసుకోవాలని. సీటు గొట్టానికి మాత్రమే బిగించే క్యారియర్లు చూడడానికి ముచ్చటగా ఉంటాయి గాని పక్కసంచులకు పనికిరావు. బరువు పడితే పక్కకు తిరుగుతాయి. కింద వెనుక ఇరుసు దగ్గరా, పైన సీటు కిందా, ఫ్రేముకే బోల్టులతో బిగిసేది కావాలి. ఎంత బరువు మోయగలదో చాలా క్యారియర్ల మీద ముద్రించే ఉంటుంది. డిస్కు బ్రేకులున్న సైకిలైతే క్యారియరు కాలు బ్రేకుకు అడ్డం రాకుండా చూసుకోవాలి.

రెండవది మడమ. పాత నల్ల సైకిలు పొడుగు మనిషి. పెడలుకూ వెనుక ఇరుసుకూ మధ్య చోటు ఎక్కువ. గేర్ల సైకిళ్ళలో ఆ దూరం తక్కువ. సంచి ముందుకు ఉంటే తొక్కినప్పుడల్లా మడమ దానికి తగులుతుంది. అందుచేత దుకాణంలోనే సంచి తగిలించి, బూట్లతో పెడలు వెనక్కి తిప్పి చూడాలి. తగిలితే సంచిని కొద్దిగా వెనక్కి జరపాలి, లేదా ముందు అంచు ఏటవాలుగా కోసిన సంచి తీసుకోవాలి.

మూడవది కొక్కేలు. విదేశీ సంచుల కొక్కేలు సన్నని గుండ్రటి కడ్డీ కోసం చేసినవి. మన నల్ల సైకిళ్ళ క్యారియర్లలో మందపు కడ్డీలూ, బద్దలూ ఉంటాయి. వాటి మీద ఆ కొక్కేలు చాలాసార్లు కూర్చోవు. అటువంటప్పుడు క్యారియరు మీదుగా అడ్డంగా పరిచి పట్టీలతో కట్టే జోడుసంచే మేలు. అంటే సాక్షాత్తూ కంటలమే.

మా వీధికి పాలు తెచ్చే అతను ఇప్పుడు మోటారు సైకిలు మీద వస్తున్నాడు. క్యానులు మాత్రం ఇప్పటికీ ఇరుపక్కలే. నేను కొని తెచ్చిన మొదటి సంచిని చేత్తో రెండుసార్లు కదిపి చూసి, “కింద కొక్కెం లేదు సార్. గుంతల పడితే ఎగురుతది,” అన్నాడు. నిజమే. పైన రెండు కొక్కేలు మోస్తాయి, కింది కొక్కెం ఊగకుండా పట్టి ఉంచుతుంది. ఆ కింది పట్టు లేకనే గదా నా గుడ్డసంచి చక్రంలోకి పోయింది! ఎవరిలా కనిపిస్తానోనని భయపడ్డానో ఆయనే నాకు గురువయ్యాడు.

సర్దడంలోనూ కొంత విద్య ఉంది. బరువైనవి అడుగున, ఇరుసుకు దగ్గరగా పెట్టాలి. రెండు సంచులైతే బరువు సమానంగా పంచాలి. ఒక్కటే అయితే నా ఓటు ఎడమపక్కకే. మన రోడ్ల మీద వాహనాలు దాటిపోయేది కుడిపక్క నుంచి. గొలుసు జిడ్డూ కుడివైపే. వెనుక దీపాన్ని సంచి కప్పకూడదు. వేలాడే పట్టీ ఏదైనా లోపలికి దోపకుండా బయలుదేరకూడదు.

ఖరీదు మాటకు వస్తే, 1982లో జర్మనీలో మొదలైన ఆర్ట్‌లీబ్ సంస్థకు పేరు తెచ్చినది లారీల మీద కప్పే టార్పాలిను వంటి గుడ్డే. అటువంటి గుడ్డ మన ఊళ్ళలోనూ దొరుకుతుంది, సంచులు కుట్టేవారూ ఉన్నారు. వాళ్ళు కుట్టులో నీళ్ళు దిగకుండా అతికించలేకపోవచ్చు. లాప్‌టాప్‌ను ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి పెడితే ఆ లోటు తీరుతుంది.

వీపుసంచి పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. సైకిలు దిగి మెట్లెక్కేటప్పుడు అది హాయి. పక్కసంచిని చేత్తో మోయడం చిరాకే. కాని మెట్లెక్కేది రెండు నిమిషాలు, తొక్కేది నలభై నిమిషాలు.

2023 అక్టోబరు 1న హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. పైన సౌరఫలకాల కప్పు కూడా ఉంది. సంతోషమే. అయితే మన ఊళ్ళు సైకిలును వ్యాయామ పరికరంగా చూస్తున్నంతకాలం కంటలానికి చోటు దొరకదని నా అభిప్రాయం. వ్యాయామానికి వెళ్ళేవాడికి మూటతో పనిలేదు. పనికి వెళ్ళేవాడికి ఉంటుంది. సైకిలు అమ్మేటప్పుడే క్యారియరు బిగించి ఇచ్చే పాత ఆచారాన్ని మళ్ళీ తెస్తే, అది పనిముట్టని కొన్నవాడికి ఆ రోజే తెలుస్తుంది.

నా సైకిలు ఇప్పుడు కచ్చితంగా పాలవాడి సైకిలులాగే ఉంది. బోల్టులు ప్రతి ఆదివారం బిగించి చూసుకుంటున్నాను. మీ వైపు ఎద్దు గోనెకు ఇంకేదైనా పేరుంటే చెప్పండి. రెండో సంచికి పెట్టుకుంటాను.