తొలి చెక్కు ఏ ఇంటిపేరు మీద?

నందిగామలో నా దగ్గర చదువుకున్న ఇద్దరు యువకులు ఈ మధ్య ఇంటికి వచ్చారు. ఒకరిది జగ్గయ్యపేట పట్టణం, మరొకరిది చందర్లపాడు మండలంలోని ఒక పల్లె. ఇద్దరూ ఇంజినీరింగ్ పూర్తి చేశారు. ఇద్దరూ దళిత కుటుంబాల బిడ్డలే. మిరపకాయల్లోని తేమను కల్లంలోనే కొలిచి రైతు సెల్‌ఫోనుకు చూపే చిన్న పరికరాన్ని వారు తయారుచేశారు. దాని అవసరం మా మెట్ట ప్రాంత రైతులకు వేరే చెప్పనక్కరలేదు. కాయను గుంటూరు యార్డుకు తోలుకెళితే, కొనేవాడు గుప్పెడు కాయలు చేత్తో నలిపి 'తేమ ఉంది' అని ఒక్క మాటతో ధర కోసేస్తాడు. ఆ మాటకు ఒక కొలత తేవాలన్నది వారి ప్రయత్నం.

హైదరాబాదులో ఒక పెట్టుబడి సంస్థ ప్రతినిధిని కలవడానికే వారికి నాలుగు నెలలు పట్టింది. కలిశాక పరికరం గురించి పది నిమిషాలు, వారి గురించి అరగంట మాటలు నడిచాయి. ఏ ఊరు? ఇంటిపేరేమిటి? నాన్నగారేం చేస్తారు? అమెరికాలో మీవాళ్లెవరైనా ఉన్నారా? ఇప్పటిదాకా మీవాళ్లు ఎంత పెట్టారు? ఒకరి తండ్రి సిమెంటు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు, మరొకరి తల్లి మిరప కోతకు కూలికి వెళుతుంది. 'ఆలోచన బాగుంది, టీమ్ ఇంకా బలపడాలి' అన్న జవాబుతో తిరిగి వచ్చారు. అక్కడ ఎవరూ కులం పేరెత్తలేదు. అవమానించలేదు. మర్యాదగా కాఫీ కూడా ఇచ్చారు. 'సార్, మేం ఎక్కడ తప్పామో మీరైనా చెప్పండి' అని వారు అడిగారు. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

అంకుర సంస్థల్లో సామాజిక వైవిధ్యం గురించి మాట్లాడేవారు సాధారణంగా ఉద్యోగ నియామకాల గురించి మాట్లాడతారు. అసలు నిర్ణయం అంతకు చాలా ముందే జరిగిపోతుంది. వెంచర్ పెట్టుబడి బ్యాంకు రుణం వంటిది కాదు. దానికి తనఖా ఉండదు, నెలవారీ వాయిదా ఉండదు. సంస్థ మునిగితే పెట్టుబడి కూడా దానితోనే మునుగుతుంది. లాభాల లెక్క ఇంకా పుట్టని దశలో పెట్టుబడిదారు చూసేది మనుషులను. ఎవరిని నమ్మాలి అన్నదే అక్కడ అసలు లెక్క. ఆ నమ్మకం ఎక్కువగా పరిచయాల ద్వారానే నడుస్తుంది. పరిచయాలు కాలేజీ ద్వారా, హాస్టలు గది ద్వారా, పెళ్లి సంబంధాల ద్వారా, అమెరికాలోని బంధువుల ద్వారా వస్తాయి. మన సమాజంలో ఈ నాలుగు దారులూ ఎక్కడికి చేరతాయో ఎవరికి తెలియదు?

ఆ తొలి చెక్కు అందుకున్నవాడు ఏం చేస్తాడు? సమయం తక్కువ, జీతాలు తక్కువ, నమ్మకం కావాలి. కాబట్టి తనకు తెలిసినవారినే పిలుచుకుంటాడు. తొలి పదిమంది అలా చేరతారు. సంస్థ వాటాలు ఉద్యోగులకు ఎక్కువగా దక్కేది ఆ దశలోనే. సంస్థ పెరిగి వెయ్యిమందిని తీసుకునేటప్పుడు మానవ వనరుల విభాగం వైవిధ్య విధానం ప్రకటిస్తుంది. అప్పటికి యాజమాన్యం ఎవరిదో, సంపద ఎవరిదో తేలిపోయి ఉంటుంది. తరువాత చేరిన బహుజనుడికి జీతం దొరుకుతుంది, వాటా దొరకదు. పాలేరుకు గింజలు, ఆసామికి పొలం అన్న పాత పద్ధతికి ఇది కొత్త రూపం.

తెలుగులో 'మీవాళ్లు', 'మనవాళ్లు' అన్న మాటలకు ఉన్న బరువు ఈ వ్యవహారాన్ని చక్కగా పట్టి ఇస్తుంది. 'మీవాళ్లు ఎంత పెట్టారు' అన్న ప్రశ్నను అడిగినవారు వ్యాపార ప్రశ్నగానే భావించి ఉండవచ్చు. పెట్టుబడి లోకంలో దాన్ని స్నేహితులూ కుటుంబమూ పెట్టే తొలి విడత అంటారు. ఆ విడత ఉండాలంటే కుటుంబానికి మిగులు ఉండాలి. మిగులు ఎవరికి, ఎలా వచ్చిందన్నది చరిత్ర.

ఆ చరిత్ర మా ప్రాంతంలో మరీ పాతది కూడా కాదు. కృష్ణా డెల్టాకు 1855 నాటికే ఆనకట్ట నీరు అందింది. మెట్టలో ఉన్న నందిగామ, జగ్గయ్యపేట సాగర్ ఎడమ కాలువ కోసం మరో శతాబ్దానికి పైగా ఎదురుచూశాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీరు వదిలారు. మరుసటి ఏడాది, 1968లో, నందిగామకు కూతవేటు దూరంలోని కంచికచర్లలో దొంగతనం నింద మోపి దళిత యువకుడు కోటేశును సజీవంగా దహనం చేశారు. నీటి వల్ల భూమి విలువ పెరిగింది, భూమి ఉన్నవారి పిల్లలు చదువుకు, వ్యాపారానికి, విదేశాలకు వెళ్లారు. కోస్తాంధ్రలో వ్యవసాయ మిగులు పట్టణ పెట్టుబడిగా మారిన తీరును కేరల్ ఉపాధ్య 1980లలోనే అధ్యయనం చేశారు. కమ్మ, రెడ్డి, రాజు కులాల నుంచి కొత్త పెట్టుబడిదారులు ఎదిగిన క్రమాన్ని హరీష్ దామోదరన్ 2008 నాటి తన పుస్తకంలో వివరించారు. ఆ ఎదుగుదలలో శ్రమ, సాహసం లేవని ఎవరూ అనరు. అయితే అదే కాలువ కింద నాట్లు వేసినవారికీ, పత్తి తీసినవారికీ, కాయ కోసినవారికీ భూమి లేదు కాబట్టి మిగులు లేదు. మిగులు లేదు కాబట్టి ఆ తొలి విడత లేదు. నా విద్యార్థులు తప్పింది ఇక్కడ. అది వారు పుట్టకముందే జరిగిన తప్పు.

ఇదంతా ఊహాగానమనేవారికి లెక్కలున్నాయి. దేశంలోని అగ్రశ్రేణి 1000 కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించి 2012లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 93 శాతం సభ్యులు అగ్రవర్ణాల వారని తేలింది. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. అదే పత్రికలో 2013లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం 2005 నాటికి దేశంలోని వ్యాపార సంస్థల్లో ఎస్సీల యాజమాన్యంలో ఉన్నవి 9.8 శాతం మాత్రమే. జనాభాలో వారి వాటా 16 శాతం దాటి ఉంది. ఒకే అర్హతలతో పేరు మాత్రమే మార్చి ఉద్యోగ దరఖాస్తులు పంపిన సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ పరిశోధన ఇంకా సూటిగా చెప్పింది. దళితుడని సూచించే పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. పేరు చూసి ఉద్యోగానికే పిలవనివారు పేరు చూసి కోట్లు పెడతారా?

కుల సమస్యను దేశంలో వదిలి వెళ్లామనుకునే ప్రవాస తెలుగువారి వైపు కూడా చూద్దాం. ఇక్కడి అంకుర సంస్థల్లో వారి సొమ్ము, సలహా, పరిచయాలు మూడూ ఉన్నాయి. 2023 అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ రెండు నిర్ణయాలు చేశారు. కులవివక్షను స్పష్టంగా నిషేధించే బిల్లును తిరస్కరించారు. వెంచర్ పెట్టుబడి సంస్థలు తాము ఎలాంటి వ్యవస్థాపకులకు డబ్బు ఇస్తున్నాయో జాతి, లింగం తదితర వివరాలతో ఏటా నివేదించాలన్న చట్టంపై సంతకం చేశారు. రెండో నిర్ణయం మంచిదే. రెంటినీ కలిపి చూస్తే మాత్రం ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒకే కులానికి చెందిన నలుగురు తెలుగువారు కలిసి పెట్టిన సంస్థ అమెరికా లెక్కలో ఆసియా సంతతి ఖాతాలో చేరి వైవిధ్యానికి నిదర్శనమవుతుంది. అదే నలుగురిని నందిగామకు తెచ్చి నిలబెడితే ఒకే బజారువారు. కులం అన్న గడి లేని పత్రంలో కులం కనిపించదు. కనిపించనిదాన్ని లేనిదిగా లెక్కవేయడం సులభం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదా అంటే చేశాయి. ఎస్సీల కోసం ప్రత్యేక వెంచర్ క్యాపిటల్ నిధి 2015 జనవరిలో మొదలైంది. 2016 ఏప్రిల్‌లో స్టాండప్ ఇండియా వచ్చింది. ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. మా సరిహద్దు దాటితే వచ్చే ఖమ్మం జిల్లా చింతకాని మండలాన్ని తెలంగాణ ప్రభుత్వం 2021లో దళితబంధు ప్రయోగానికి ఎంచుకుని కుటుంబానికి 10 లక్షలు ఇచ్చింది. తిరిగి చెల్లించనక్కరలేని పెట్టుబడి దళితుడి చేతికి ఇవ్వవచ్చునని ఒప్పుకున్న పథకం అది. కానీ డబ్బుతోపాటు మార్కెట్టు, పరిచయాలు రాలేదు. చాలామంది వాహనాలకూ చిన్న దుకాణాలకూ పరిమితమయ్యారు.

ఈ పథకాల్లో ఎక్కువ భాగానికి ఒక ఉమ్మడి లోపం ఉంది. అవి రుణాలు. ఆధిపత్య కులపు యువకుడి సంస్థ మూతపడితే దాన్ని అనుభవం అంటారు, రెండోసారి పెట్టుబడి పెడతారు. దళిత యువకుడి సంస్థ మూతపడితే అతడు బకాయిదారు, ఇంటికి నోటీసు వస్తుంది. విఫలమయ్యే హక్కు లేనివాడికి సాహసించే హక్కు కూడా లేనట్టే. ఇక ప్రత్యేక నిధి అవసరమే, దాన్ని తక్కువ చేయను. అయితే అసలు ఊరు ఎప్పటిలాగే ఉండి, దళితులకు విడిగా ఒక చిన్న నిధి అంటే పెట్టుబడికి కూడా ఒక వెలివాడ కట్టినట్టవుతుంది.

అసలు ఊరు ఏది? అంకుర సంస్థల కోసం కేంద్రం 2016లో 10,000 కోట్లతో ఫండ్ ఆఫ్ ఫండ్స్ ఏర్పాటు చేసింది. సిడ్బి ద్వారా ఆ సొమ్ము ప్రైవేటు వెంచర్ నిధులకు వెళుతుంది, వాటి నుంచి అంకుర సంస్థలకు చేరుతుంది. 2025 బడ్జెట్‌లో మరో 10,000 కోట్లు ప్రకటించారు. 'పెట్టుబడి నా సొంత డబ్బు, నా ఇష్టం' అనే వాదన ఇక్కడ నిలవదు. ఆ సంచిలో చిల్లకల్లు కూలీ కట్టిన పరోక్ష పన్ను కూడా ఉంది. ఆ సొమ్ము ఏ సామాజిక వర్గాల చేతికి చేరుతోందో తెలుసుకునే హక్కు ఆ కూలీకి ఉంది.

ప్రతిభను పక్కన పెట్టమంటున్నారా అని కొందరు అడుగుతారు. ప్రతిభను చూడమనే అంటున్నాను. అమెరికా వెంచర్ పెట్టుబడులపై హార్వర్డ్‌కు చెందిన పాల్ గాంపర్స్, శిల్పా కొవ్వలి 2018లో రాసిన వ్యాసం గమనించదగినది. ఒకే జాతి మూలాలున్న పెట్టుబడిదారులు కలిసి పెట్టిన సంస్థలు విజయం సాధించే అవకాశం 26 నుంచి 32 శాతం దాకా తక్కువని అందులో చూపారు. మనవాడని నమ్మినచోట అడగవలసిన ప్రశ్నలు అడగరు. మిరప కల్లం ఎన్నడూ తొక్కని నలుగురికి తేమ గొడవ ఒక సమస్యగానే తోచదు. వైవిధ్యం దయాదాక్షిణ్యం కాదు, వ్యాపార దృష్టికి రెండో కన్ను.

కాబట్టి చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి వెంచర్ నిధి, తాను పెట్టుబడి పెట్టిన సంస్థల వ్యవస్థాపకులు, తొలి పదిమంది ఉద్యోగుల సామాజిక వివరాలను పేర్లు లేకుండా, స్వచ్ఛంద ప్రకటన ఆధారంగా ఏటా వెల్లడించాలి. లిస్టెడ్ కంపెనీల బోర్డులో ఒక మహిళ ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పినప్పుడు ఆకాశం విరిగిపడలేదు. జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రమే 2025 ఏప్రిల్‌లో నిర్ణయించాక, కులం అడగడం తప్పు అనే మాటకు విలువ లేదు. రెండోది, పరిచయం లేకుండా నేరుగా దరఖాస్తు చేసే మార్గం ఉండాలి. తొలి వడపోతలో ఇంటిపేరు, కాలేజీ పేరు కనిపించకూడదు. మూడోది, కుటుంబ మిగులు లేనివారికి ఆ తొలి విడతను రుణంగా కాక వాటాగా ప్రభుత్వమే పెట్టాలి.

మన రాష్ట్ర ప్రభుత్వం 'ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త' అంటోంది. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. నినాదం బాగుంది. కానీ పారిశ్రామికవేత్తను ఇప్పటిదాకా తయారు చేసింది కుటుంబమే, కుటుంబపు భూమే, కుటుంబపు కులమే. ఏ కుటుంబం అన్న ప్రశ్న వేయకపోతే ఈ నినాదం ఉన్నవారింట్లో రెండో పారిశ్రామికవేత్తను పుట్టిస్తుంది. 2009 ఎన్నికల నుంచి నందిగామ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఓటు రాజ్యంలో మా ఊరి దళితుడికి ఒక స్థానం ఉంది. రాజకీయాల్లో సమానత్వం, ఆర్థిక జీవితంలో అసమానత అనే వైరుధ్యం ఎంతకాలమని అంబేడ్కర్ 1949 నవంబరులో రాజ్యాంగ సభను హెచ్చరించారు. పెట్టుబడి రాజ్యంలో ఆ వైరుధ్యం ఇంకా అలాగే ఉంది.

నా విద్యార్థులకు ఇప్పుడు జవాబు చెప్పగలను. యార్డులో కొనేవాడు కాయను గుప్పిట్లో నలిపి ధర కట్టినట్టే, మిమ్మల్ని కూడా కొలత లేకుండా చేత్తోనే తూచారు. మీరు రైతు కోసం తేమకు కొలత తెచ్చారు. పెట్టుబడిదారు చేతికి కూడా ఒక కొలత తేవడం మీ ఇద్దరి పని మాత్రమే కాదు, మనందరి రాజకీయ కర్తవ్యం.