మన ఇంటి లెక్క: దుకాణదారుడు, ఆదాయపు పన్ను



కుకునూరుపల్లి నుండి ఒక సహోదరుడు మాకు ఉత్తరము వ్రాసిరి. రాజీవ్ రహదారి ప్రక్కన వారికి సిమెంటు, పైపులు, రంగులు అమ్మే చిన్న దుకాణము కలదు. ఇంతవరకు ఆదాయపు పన్ను రిటర్ను వేయలేదు. అమ్మాయి నర్సింగు చదువుకు అప్పు కావలెనని బ్యాంకుకు వెళ్ళగా రిటర్ను తెమ్మన్నారట. ఆదాయము తగ్గించి చూపితే పన్ను తప్పునా, ఒకరు ఇప్పిస్తామన్న విరాళపు రసీదు తీసుకొనవచ్చునా అని వారి ప్రశ్న. ఇదే సందేహము మన సంఘములలో ఆటో నడుపువారికి, కుట్టుపని చేయువారికి, కోళ్ళ షెడ్డు గలవారికి కూడ ఉన్నది. కనుక ఈ నెల దీనినే చూతము.

మత్తయి సుంకము వసూలు చేయు చోటనుండియే పిలువబడెను. జక్కయ్య ప్రభువును ఇంటికి చేర్చుకొన్న దినముననే తన లెక్కలు సరిచేసుకొనెను. పౌలు రోమా పత్రిక 13వ అధ్యాయములో పన్ను చెల్లించుటను మనస్సాక్షితో ముడిపెట్టెను. కనుక లెక్క వ్రాయుట కూడ మన భక్తిలో భాగమే.

చిన్న వ్యాపారికి చట్టము ఒక సులువైన మార్గము ఇచ్చినది. 1961 నాటి చట్టములో ఇది 44ఎడి సెక్షను. 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించు 2025 నాటి చట్టములో 58వ సెక్షను. సంవత్సరపు అమ్మకము 2 కోట్ల లోపు ఉన్నవారు (నగదు వసూళ్ళు 5 శాతము మించనిచో 3 కోట్ల లోపు) పూర్తి ఖాతా పుస్తకములు, ఆడిటు లేకుండ ఆదాయము చూపవచ్చును. బ్యాంకు ద్వారా, ఫోన్‌పే వంటి వాటి ద్వారా వచ్చిన అమ్మకముపై 6 శాతము, నగదు అమ్మకముపై 8 శాతము లాభముగా లెక్కింతురు. కమీషను ఏజెంట్లకు ఇది వర్తించదు.

మన సహోదరుని అమ్మకము 48 లక్షలు అనుకొందము. అందులో 30 లక్షలు ఖాతాలో పడినవి, 18 లక్షలు నగదు. 6 శాతము చొప్పున 1,80,000, 8 శాతము చొప్పున 1,44,000, వెరసి 3,24,000 రూపాయలు.

ఇక్కడనే చాలమంది పొరబడుచున్నారు. ఈ శాతములు కనీసపు లెక్క మాత్రమే. నిజముగా మిగిలినది 5,40,000 అయితే 5,40,000 అనియే చూపవలెను. అట్లు చూపితే పన్ను ఎంత? 2025-26 ఆర్థిక సంవత్సరమునకు కొత్త విధానములో 4 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన పడు పన్ను కూడ, మొత్తము ఆదాయము 12 లక్షలు మించనిచో రిబేటు వలన తీసివేయబడును. అనగా ఈ సహోదరుడు నిజము చెప్పినను కట్టవలసినది సున్నాయే! తగ్గించి చెప్పినచో పన్నులో మిగులునది ఏమియు లేదు. బ్యాంకు దృష్టిలో ఆయన సంపాదన మాత్రము తగ్గిపోవును. నష్టపడునది ఆ బిడ్డ చదువే.

గమనించవలసిన మరికొన్ని సంగతులు:

1. పన్ను సున్నా అయినను, ఆదాయము 4 లక్షలు దాటితే రిటర్ను వేయవలసినదే. గడువు దాటితే 5,000 రూపాయల వరకు రుసుము పడును. వేసిన 30 దినములలో ఆధార్ ఓటీపీతో ధృవీకరించవలెను.

2. ఈ పద్ధతివారికి 'సుగమ్' అను ఐటీఆర్-4 ఫారము కలదు. అయితే పొలముపై ఆదాయము 5,000 మించినచో ఐటీఆర్-3 వేయవలెను. మన ప్రాంతములో దుకాణముతోపాటు మక్క, పత్తి పండించువారు దీనిని మరువరాదు. వ్యవసాయ ఆదాయమునకు పన్ను లేదు గాని కోళ్ళు, పాల వ్యాపారము వ్యవసాయము క్రిందికి రావు.

3. ఒకే వ్యక్తి నుండి ఒక దినములో 2 లక్షలు గాని అంతకు మించి గాని నగదు తీసుకొనరాదు. 20,000 గాని అంతకు మించి గాని చేబదులు నగదుగా పుచ్చుకొనరాదు. రెండింటికిని అంతే మొత్తము జరిమానా పడవచ్చును.

4. దుకాణమునకు ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా ఉంచుడి. ప్రతి రాత్రి అమ్మకము, కొనుగోలు ఒక నోటు పుస్తకములో వ్రాయుడి. ఈ పని భార్యాభర్తలు కలిసి చేస్తే ఇంటిలో డబ్బును గూర్చిన అనుమానములు కూడ తగ్గును.

ఇక ఆ రసీదు సంగతి. కొత్త విధానములో విరాళమునకు మినహాయింపే లేదు, కనుక అది ఆయనకు ఎందుకును పనికిరాదు. పాత విధానములోనైనను ఇవ్వని విరాళము చూపుట అబద్ధమే. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ ఇటువంటి దొంగ మినహాయింపులపై దేశమంతట తనిఖీలు జరిపినది. తప్పుడు వివరములకు, ఎగవేసిన పన్నుపై 200 శాతము జరిమానా కలదు. మన దశమభాగము దేవునికి ఇచ్చునది. దానిని పన్ను తగ్గింపుకు సాధనముగా చూడవద్దు.

సహోదరుడా, గడచిన సంవత్సరముల కాగితములు ఇప్పుడు కల్పించబోకుడి. ఈ సంవత్సరపు రిటర్ను సమయమునకు, సత్యముగా వేయుడి. దానితోపాటు ఖాతా స్టేట్‌మెంటు తీసుకొని బ్యాంకు మేనేజరుతో నేరుగా మాటలాడుడి. మీ అమ్మాయి రోగుల ప్రక్కన నిలిచి సేవచేయు దినము రావలెనని మేమును ప్రార్థించుచున్నాము.