కోల్ష్‌లో ‘ఏమీ లేదు’ అనేవాళ్లకు మా జవాబు

మొన్న బెంగళూరులో మేమూ మా చిన్నాయన కొడుకులూ ఒక బ్రూపబ్‌కు పోయినాము. కోల్ష్ అడిగితే అర లీటరు మగ్గులో, పళ్లు జివ్వుమనేంత చల్లగా, అంచుకు నిమ్మచెక్క గుచ్చి తెచ్చినారు. మా తమ్ముడు రెండు గుక్కలు తాగి, “దీంట్లో ఏమీ లేదురా, కిక్కే లేదు” అని ఫోన్లో రెండు స్టార్లు కొట్టేసినాడు.

ఆ రెండు స్టార్లను మేము ఒప్పుకోము. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇది ఏం చెయ్యాలని కట్టినారో చదవకుండా బగ్ రాస్తే మా ఆఫీసులో నవ్వుతారు. మరి బీరుకు మాత్రం ఆ న్యాయం ఏమిటికి లేదు?

కోల్ష్ జర్మనీలోని కొలోన్ నగరానిది. ఏల్ ఈస్ట్‌తో పులియబెట్టి, ఆ తర్వాత లాగర్ మాదిరి చల్లగా నిలవపెడతారు. ఇది ఎట్లుండాలో అక్కడి బ్రూవరీలు 1986లో ఒప్పందం రాసుకున్నాయి. 1997 నుంచి యూరప్‌లో ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆల్కహాలు 5 శాతం అటూ ఇటూ, అంతే. దాంట్లో కిక్కు వెతకడం పెరుగన్నంలో ఆవకాయ కారం వెతికినట్లు.

అక్కడ పోసేది 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసులో. నురగ చావకముందే, వేడెక్కకముందే అయిపోవాలని. మగ్గూ నిమ్మచెక్కా పోసినవాళ్ల తప్పు; దాన్ని బీరు ఖాతాలో రాయొద్దు.

సరిగ్గా చూడాలంటే ఇట్ల చూడండి. రంగు లేత బంగారం, అవతల వేలు కనపడేంత తేట. ముక్కు దగ్గర రొట్టె వాసన, వెనకాల లీలగా ఆపిలో పియరో. నోట్లో మెత్తగా దిగి, చిరుచేదుతో ముగియాలి, తీపి మిగలకూడదు. వెన్న వాసన గానీ ఉడికిన మొక్కజొన్న వాసన గానీ వస్తే, అదీ బగ్గు. మాడిన మాల్టు, దండిగా హాప్స్ వేసిన బీర్లలో ఇట్లాంటి తప్పులు దాక్కుంటాయి. కోల్ష్‌లో దాక్కునే చోటే లేదు. మీరు ‘ఏమీ లేదు’ అంటున్నది ఆ తేటదనాన్నే.

ఇదంతా తెలుగులో చెప్పలేమంటాడు తమ్ముడు. ఏమిటికి చెప్పలేము? తెల్లవారి దించిన కల్లు తియ్యగా ఉంటుందనీ, పొద్దెక్కేకొద్దీ పులుస్తుందనీ మా తాత వాసనతోనే చెప్పేవాడు. మేము బడిలో చదివింది కన్నడం, అయినా నాలుక మీది మాటలు ఇంట్లోవే. ‘ఒగరు’ అంటే ఊరి నుంచి వచ్చిన చుట్టాలు “అది కన్నడం, వగరు అనాలి” అని దిద్దుతారు. అది రెండు భాషల్లోనూ ఉన్న మాటే. మన ఇళ్ల తెలుగుకు వాళ్లిచ్చే రెండు స్టార్లూ ఇట్లాంటివే.

ఈసారి మనమంతా కలిసినప్పుడు చిన్న గ్లాసు అడగండి, నిమ్మచెక్క వద్దనండి. తాగి, అప్పటికీ బాగలేకపోతే ఏం బాగలేదో చెప్పండి. తీపా, పులుపా, వెన్న వాసనా? ‘ఏమీ లేదు’ అని మాత్రం రాయొద్దు.